రాజమణి చెప్పిన కారణం

తమ్ముడూ,

అన్నం కుక్కర్‌లో ఉంది, పప్పు వేడి చేసుకో. గుమ్మం దగ్గర రక్తం ఇంకా పోలేదు, ఫినాయిల్ వేసి కడుగు. పక్కగది నర్సింగం వస్తే తలుపు తీయకు, మరమగ్గాల కార్ఖానాలో సాంచల మీద నీ జోడీదారు అయినా సరే.

పొద్దున వాడు రాజమణిని కొట్టాడు. ఆమెకు ఎనిమిదో నెల. గర్భిణుల రక్తహీనత మీద మా ఆసుపత్రి చేస్తున్న పరిశోధనలో చేరతానని నిన్న నా ముందే వేలిముద్ర వేసింది. "నన్ను అడగకుంట దవాఖానోళ్లకు ఏలిముద్ర ఎట్లేసినవే?" అంటూ వాడు ఆమె తలను గోడకేసి బాదాడు, కడుపులో తన్నాడు. ఆమె పాక్కుంటూ మన గుమ్మం దాకా వచ్చింది. వాడు వెనకే వచ్చి బెల్టు ఎత్తాడు. నేను చపాతీ కర్రతో వాడి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. నాకు జాలి కలగలేదు.

ఆటోలో తీసుకెళ్లాను. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, బతికింది. రాజమణికి ఇంకా రక్తం ఎక్కిస్తున్నారు. బట్టల కోసం వచ్చాను, మళ్లీ వెళ్తున్నాను.

పరిశోధన కాగితంలో రక్తస్రావానికి కారణం రాయాలి. "భయమైతే జారిపడ్డావని రాస్తాను" అన్నాను. ఆమె కళ్లు తెరిచి, "వద్దక్కా. తన్నిండని రాయి. పోలీసోళ్లకు సుత నేనే చెప్త" అంది. అలాగే రాశాను.

నిరుడు వాడు ఆమె చెయ్యి విరగ్గొట్టినప్పుడు, "మనకెందుకక్కా" అని టీవీ సౌండు పెంచింది నువ్వే. నేనూ ఊరుకున్నాను.