పాటల యాప్ ఈరోజే ఆపించు బావా

బావా, పాపకి టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్తున్నా. మా అక్క తోడొస్తోంది. నా ఫోన్ బల్ల మీదే వదిలేశా. నువ్వు రాగానే, చొక్కా కూడా మార్చకుండా, ఆ పాటల యాప్‌కి కట్టే డబ్బులు ఆపించు. లేకపోతే రేపు పొద్దున్నే అది మళ్ళీ నెల డబ్బులు లాగేస్తుంది.

నేను ఫోన్లోంచి యాప్ తీసేసి పీడా పోయిందనుకున్నా. అలా తీసేస్తే ఆగదట, అక్క తలంటింది. యాప్‌లు దించుకునే చోటికెళ్ళి, పైన మూలనున్న నా ఫొటో నొక్కు. సబ్‌స్క్రిప్షన్లు అని ఉంటుంది. అందులో పాటలది తెరిచి, అట్టడుగున క్యాన్సిల్ నొక్కాలి. నేను అక్కడిదాకా వెళ్ళా. "నిజంగానే మమ్మల్ని వదిలేస్తారా?" అని ఇంగ్లీషులో అడిగింది. కూడబలుక్కుని చదివేసరికి జాలేసి వెనక్కొచ్చేశా. నవ్వకు. నువ్వు మాత్రం మొహమాటపడకు.

నాకు గొంతు లేదనేగా పాపని నిద్రపుచ్చడానికి అది పెట్టించుకున్నాం. ఎన్ని జోలపాటలు పెట్టినా కళ్ళు ఇంతింత చేసుకుని చూసేది. మొన్న నువ్వు గడ్డం గీసుకుంటూ శ్రుతీ లయా లేని కూనిరాగం తీస్తే, నా భుజం మీదే వాలిపోయింది. నాకు కాస్త ఉడుకుమోత్తనంగానే ఉంది.

అన్నం మూతపెట్టి ఉంచా, తిను.

ఇంకోటి. ఎందుకు మానేస్తున్నారని కూడా అడుగుతుందట. పాటలు బాలేవని రాయకు, పాపం వాళ్ళేం చేశారు. ఇంట్లోనే పాడే మనిషి దొరికాడని రాయి.