నేను కోసిన ఓడలో చేపలు

ఆదివారం, గౌడవెల్లి

చేపలకు ఇల్లవ్వాలని సముద్రంలో ముంచిన పాత ఓడ వీడియోను ఈరోజు మేస్త్రీ పంపాడు! మేడ్చల్‌లో గేట్లు చేసే వెల్డర్‌ని నేను. ఈ మేస్త్రీ పిలిస్తే రెండు నెలలు ఓడరేవులోనే ఉండి, చేపలు దూరడానికి ఆ ఓడ గోడలకు దారులు కోశాను. ఇంజన్ గదిలో నూనె తుడిచిందీ నేనే. ఎక్కడైనా మిగిలిపోయి చేపలు చస్తాయేమోనని ముంచిన రోజు నుంచీ ఒకటే గుబులు. వీడియోలో ఆ గది నిండా పసుపు చారల చేపపిల్లలు! ఫోన్ పట్టుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

“గిది నువ్వు కోసిన దర్వాజనేనా?”

“అవునవ్వా.”

“మస్తు మంది వచ్చిన్రు గదరా!” చుట్టాలొచ్చినంత సంబరం ఆమెకు.

అంతలో మేస్త్రీ ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాను. ఇంకో ఓడ ఉందట, వస్తావా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ అరిచింది: “వస్తడు! నేను గూడ వస్త. సముద్రం ఎన్నడు జూడలే.”