పడమటి వాలు మట్టి

అక్కయ్యా,

నీ మోకాళ్ళ సంగతి కూడా అడగకుండా మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకు. ఈ మాట నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

కొండల్లో మట్టి పరీక్షల పనికి వెళ్ళిన నా కూతురు, మన పిచ్చుక, తూర్పు వాలులో విరిగిపడిన చరియ కింద ఉండిపోయిందన్నారు కదా. అక్కడే తవ్వి తవ్వి చివరికి వదిలేశారు. వంతెన స్తంభానికి చిక్కుకున్న దాని సంచీని ఆఫీసువాళ్ళు మొన్న ఇంటికి పంపారు. ఆ వంతెనకు పైనే రెండు వాలుల వాగులూ కలుస్తాయి. సంచీని ఎవరూ విప్పి చూసినట్టు లేదు. ఉతుకుదామని తీస్తే అందులో ఒక్కటే మట్టి డబ్బా ఉంది. మూత మీది రాత నీళ్ళకు చెరిగిపోయింది. మూత ఊడకుండా తన చున్నీ పీలిక చుట్టి గట్టిగా ముడివేసింది. విప్పాను. మట్టిలో వానపాము లాంటిది చచ్చి ఉంది. కానీ వేలితో తడిమితే నున్నగా పొలుసులు తగిలాయి.

దాన్ని పట్టుకుని మ్యూజియానికి బయలుదేరితే మీ మరిది, "వానపామును డబ్బాలో పెట్టుకుని ఊరేగుతావా? ఇక వదిలెయ్యవే, వదిలెయ్యి," అన్నారు. ఆయన గొంతు పాము కోసం వణకలేదని నాకు తెలుసు.

అక్కడి పాముల మాస్టారు దాన్ని భూతద్దం కింద పెట్టి, సూదితో కింది దవడ తెరిచారు.

"ఇది వానపాము కాదు, గుడ్డిపాము. గుడ్డిపాములన్నీ ఒక్క ఇంటివి కావమ్మా. మామూలు వాటికి కింది దవడలో పళ్ళుండవు. దీనికి ఒకటి ఉంది, చూడండి. ఇది చాలా పాత కుటుంబం. ఇక్కడ కాసిని, మళ్ళీ ఎక్కడో దూరాన కాసిని ఉంటాయి. మధ్యలో అసలు కనిపించవు. మన కొండల్లో పడమటి వాలులోనే ఉన్నాయి. తూర్పున ఎన్నిసార్లు తవ్వినా మాకు ఒక్కటీ దొరకలేదు."

"శిఖరం దాటి తూర్పుకు రాదా బాబూ?"

"చీమగుడ్లు తింటూ మట్టిలో బతికేదానికి శిఖరం మీద ఏం పనమ్మా?" అని నవ్వి, నా మొహం చూసి ఆగిపోయారు.

ఆ రోజు పడమటి వాలు దానికి జతగా పనిచేసే పిల్లకు అప్పజెప్పిన చోటు. తాను వెళ్ళి వచ్చానని ఆ పిల్లే ఆఫీసులో చెప్పింది. మన పిచ్చుక పోయాక రోజూ ఇంటికి వచ్చి, నాకు అన్నం వడ్డించి, కాసేపు ఏడ్చి వెళ్ళేదీ ఆ పిల్లే. నిన్న వచ్చినప్పుడు డబ్బా దాని ముందు పెట్టాను. మట్టి రంగు చూస్తూనే అది పడమటి వాలుదని పోల్చుకుంది.

"ఆ రోజు నాకు జ్వరమమ్మా. 'పడుకోవే మొద్దూ, నీ వాలు కూడా నేనే చూసొస్తా' అని వెళ్ళింది. పని ఎగ్గొట్టానంటే ఉద్యోగం తీసేస్తారని భయపడ్డా. తూర్పునే పడి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నా."

నాకు కోపం రాలేదంటే నమ్ముతావా? చరియ ఎటు విరిగినా పిల్ల ఒక్క క్షణంలో పోయి ఉంటుంది, ఇప్పుడు ఈ పిల్ల మీద పగబట్టి నాకొచ్చేదేముంది అనుకున్నాను. "వెళ్ళి నిజం చెప్పు తల్లీ. నిన్ను క్షమించాను. దేవుడి ఎదుట అంటున్నాను," అన్నాను. వెళ్ళి చెప్పింది. రేపు పడమటి వైపు వెతుకుతారట. నాకోసం ప్రార్థించు.

నీ చెల్లెలు

*

అక్కయ్యా,

పిచ్చుక దొరికింది. ఇది చదివి చింపెయ్యి. మీ మరిదికి ఎప్పటికీ తెలియకూడదు. ఆయన సగం కొండ ఎక్కి కూలబడిపోయారు. నేనే పైకి వెళ్ళి గుర్తుపట్టాను.

అక్కడ చరియ విరగలేదు. వాగు పక్కన రాతి చూరు కింద, బండకు ఆనుకుని కూర్చుని ఉంది. కాలు విరిగింది. మిగిలిన చున్నీతో కాలికి కట్టు కట్టుకుంది. మట్టి డబ్బాలన్నీ ఖాళీ చేసి, కడిగి, చూరు నీళ్ళు కారేచోట వరసగా పెట్టుకుంది. కొన్నిటిలో ఇంకా నీళ్ళున్నాయి. ఒక్క డబ్బాలో మాత్రం మట్టి ఉంచి, పీలిక చుట్టి, సంచీలో వేసి వాగులో వదిలింది. తనతో పనిచేసేవాళ్ళు ఆ మట్టి చూస్తే తానెక్కడుందో పోల్చుకుంటారని దాని నమ్మకం. అందులో పాము ఉందని దానికి తెలిసి ఉండదు.

వెతకడానికి వచ్చినవాళ్ళను చేతులెత్తి బతిమాలాను, చూసింది ఎవరికీ చెప్పవద్దని.

నిన్న ఆ పిల్ల వచ్చి గడప అవతలే నిలబడింది. "నొప్పి పడిందా అమ్మా?" అంది.

"లేదు తల్లీ. రాయి తలకు తగిలింది. దానికి తెలిసి కూడా ఉండదు," అన్నాను.

ఆ పిల్ల మొహం తేటపడింది. లోపలికి వచ్చి నాకు కంచం కడిగింది.

తర్వాత దేవుడి ఎదుట కూర్చున్నాను. ఆడిన అబద్ధానికి మన్నించమని అడగగలిగాను. ఆ పిల్లను క్షమించానన్న మాట మాత్రం నోట రాలేదు. ఒక్క క్షణంలో పోయిన బిడ్డ తరఫున ఇచ్చిన మాట అక్కయ్యా అది. డబ్బాలు వరసగా పెట్టుకుని ఎదురుచూసిన బిడ్డ తరఫున ఏ తల్లి ఇస్తుంది?

రేపు కూడా వస్తుంది. అన్నం వడ్డిస్తుంది. ఎదురుగా కూర్చుని నేను తినాలి.

నీ చెల్లెలు