కాజా కంటే పెద్ద గుండీ

ప్రియమైన బావమరిదికి,

నేను కుట్టి పంపితే నువ్వు తిప్పి పంపిన చారల చొక్కా అందింది. జేబు మీద చారలూ ఒంటి మీద చారలూ ఒక పక్కకి వాలిపోతున్నాయని రాశావు. అంతకుముందు కాలరు వంకరన్నావు. వేరే ఎవరైనా అంటే దులిపేసుకునేవాణ్ణి. కానీ నువ్వు వడ్రంగివి. గీత తిన్నగా ఉందో లేదో నీకంటే ఎవరికి తెలుసు?

మీ అక్క పోరు పడలేక కంటాసుపత్రికి వెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలట, కుడిది బాగా ముదిరిందట. నేనేమో వెలుతురు చాలడం లేదని దుకాణంలో బల్బులు మార్చుకుంటూ కూర్చున్నాను. శుక్లం తీసి లోపల కొత్త లెన్సు పెడతానంది డాక్టరమ్మ. ఆ తర్వాత కూడా చారలు తిన్నగా రాకపోతే దుకాణం మూసేస్తాను. కత్తెరలు దాచుకోవడానికి ఒక చెక్కపెట్టె చేసిపెట్టు. వాటిని పారేయడానికి నాకు చేతులు రావు.

ఒక్క అనుమానం. లెన్సు ఆరు మిల్లీమీటర్లట, కోత రెండున్నర కూడా ఉండదట. కాజా కంటే పెద్ద గుండీ ఎలా దూరుతుందోయ్? నీకు ఈ ఆపరేషను ఎప్పుడో అయింది కదా, రాయి.

నీ బావ

*

ప్రియమైన బావగారికి నమస్కారాలు.

రెండున్నరేమిటి, చెవులకి కూడా శుక్లాలొచ్చాయా? మంచం గదిలోకి వెళ్లాలంటే ద్వారం మంచం కంటే వెడల్పుండాలి. నాకైతే నల్లగుడ్డు అంచున అర్ధచంద్రంలా కోసి, లెన్సు దించి, కుట్లు వేశారు. కుట్లు కదులుతాయని అక్కయ్య నన్ను నవ్వొద్దనేది, మీరేమో పక్కన కూర్చుని నవ్వించేవారు. అప్పుడు మీరిద్దరూ లేకపోతే నా గతి ఏమయ్యేదో! రెండో కన్ను చిన్నప్పటినుంచీ మసకే కదా, ఈ ఒక్క కన్నే ఇన్నాళ్లూ నాకు కూడు పెట్టింది. అందుకే చెబుతున్నాను, పెద్దగా కోసి గట్టిగా కుట్టమనండి.

పెట్టె మాత్రం చెయ్యను. మీరు కుట్టని చొక్కా నేను వేసుకుని ఎరగను. ఇన్నేళ్లూ మొహమాటంతో దాచుకున్న మాట ఆ ఉత్తరంలో ఎందుకు రాశానా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. కానీ చారలు వాలి ఉన్నాయి బావగారూ, మీ దగ్గర అబద్ధమాడలేను.

మీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

ఇది నేనే రాస్తున్నాను, నా కుడికంటితో. తెల్లదారం ఇంత తెల్లగా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను. కట్టు విప్పగానే మీ అక్క మొహం చూసి, "ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయే?" అన్నాను. "మీతో కాపురం చేస్తే రావూ?" అంది. ఇద్దరం నవ్వుకుని, తర్వాత కాసేపు ఏడ్చాం.

గుండీ ఎలా దూరిందంటావా? చుట్టి! చాప చుట్టినట్టు చుట్టి సన్న గొట్టంలోంచి లోపలికి తోస్తారు. లోపలికెళ్లాక అది తనంతట తనే విచ్చుకుంటుంది. శుక్లాన్ని కూడా లోపలే పొడి చేసి పీల్చేశారు. ఒక్క కుట్టు లేదు. "అంత చిన్న కోత కోసం ఇన్ని తిప్పలెందుకమ్మా?" అని అడిగాను. "కోత పెద్దదైతే కుట్లు వెయ్యాలి. కుట్లు లాగితే కంటి ముందుపొర వంపు మారిపోతుంది. గీతలు చెదిరి, వాలినట్టు కనిపించొచ్చు" అందావిడ.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. దారం బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుందని నాకొకరు చెప్పాలా? ఇంటికొచ్చి నీ చొక్కా బల్ల మీద పరిచాను. జేబు చార, ఒంటి చార ఒకటే గీత, ఎక్కడా వాలు లేదు. మీ అక్క కూడా చూసింది. నా చూపు తగ్గినా చేతులు దారి తప్పలేదు.

బావమరిదీ, నీ కంటికి ఎన్ని కుట్లు వేశారు? ఉక్రోషపడకుండా ఒకసారి చూపించుకో. నీ మీద నాకు పిసరంత కోపం లేదు. నువ్వా వంక పెట్టకపోతే నేను ఆసుపత్రి గడప తొక్కేవాణ్ణే కాదు, ఈ చూపూ ఉండేది కాదు. నీ రుణం తీర్చుకోలేను.

నీ బావ

*

ప్రియమైన బావగారికి,

జవాబు ఆలస్యమైంది. మొదట కోపమే వచ్చింది. దర్జీ వడ్రంగి కంటికి వంక పెట్టడమేమిటని మీ ఉత్తరం అటక మీదకి విసిరేశాను.

మా వంటింటి తలుపు నాకెప్పుడూ ఒరిగినట్టే ఉంటుంది. ఎన్నిసార్లు ఊడదీసి బిగించానో. మొన్న మళ్లీ ఊడదీయబోతే మీ చెల్లెలు, "తలుపు తిన్నగానే ఉందండీ, కావాలంటే దారానికి బరువు కట్టి చూసుకోండి" అంది. కట్టి చూశాను. తలుపూ దారమూ రెండూ ఒకేలా వాలి కనిపించాయి. బరువు కట్టిన దారం వాలదు కదా బావగారూ! పనిలో ఎప్పుడూ దారాన్నీ మూలమట్టాన్నీ నమ్ముకున్నాను కాబట్టి నా కన్ను సంగతి ఇన్నాళ్లూ బయటపడలేదు.

డాక్టరు చూసి, కుట్లు లాగిన మాట నిజమేనన్నారు. అప్పటికి అదే మంచి పద్ధతట. ఆ చూపైనా ఇచ్చినవాళ్లకి మనసులో దండం పెట్టుకున్నాను. ఆ వంపుకి సరిపడా కళ్లద్దాలిచ్చారు. ఇంటికొచ్చి మీరు కుట్టిన చొక్కాలన్నీ మంచం మీద పరిచాను. ఒక్కటీ వంకర లేదు. కళ్లద్దాలు తడిసిపోతే మీ చెల్లెలు తుడిచి మళ్లీ పెట్టింది.

పెట్టె చెయ్యనన్నాను కానీ, మీరడిగాక చెయ్యకుండా ఉండలేకపోయాను. ఇప్పుడు దాని మూత తీసేసి, కొత్తగా చేసిన కత్తిరింపు బల్లకి సొరుగుగా పెట్టాను. కత్తెరలు అందులోనే ఉంచుకోండి, రోజుకి పదిసార్లు లాగండి. బల్ల లారీలో వస్తోంది. సొరుగులో చారల గుడ్డ ఉంది, కొలతలు మీకు తెలుసు.

బల్ల అంచు తిన్నగా ఉందో లేదో మీ కొత్త కంటితో చూసి రాయండి. వంకరంటే, ఈసారి మీ మాటే నమ్ముతాను.

మీ బావమరిది