నస్రత్‌గా వచ్చిన పిల్ల

ఫిబ్రవరి 3, సోమవారం

సినిమా వాళ్లు మళ్లీ వచ్చారు. అవసరం లేకపోయినా ఆడవాళ్ల గర్భసంచులు తీసేసిన డాక్టరు మీద మేం పెట్టిన కేసునే సినిమా తీస్తున్నారు. ఆ డాక్టరు ఇప్పుడు జైల్లో ఉన్నాడు. నా కూతురు నస్రత్ ఆయన ఆపరేషన్ బల్ల మీదే పోయి ఆరేళ్లు. పోయిన ఏడాదే నా దగ్గర అంతా అడిగి రాసుకున్నారు. పేరు మారుస్తామండి అన్నాడు డైరెక్టర్ అశోక్ గారు. మార్చొద్దు అన్నాను. ఆ పేరు నేను పెట్టింది.

ఫిబ్రవరి 5

నస్రత్ వేషం వేసే పిల్ల వచ్చింది. రాజేశ్వరి. హైదరాబాద్ పిల్ల. పని నేర్చుకోవాలని మాతోపాటు కల్లంలో కూర్చుని, ఎర్రటి మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరింది. ఆ చేత్తోనే కన్ను నలుపుకుంది. నా పక్కన ఏరే చెంచమ్మ ఊరుకుంటుందా, ఏడుపు సీనుకి ప్రాక్టీసు అయిపోయిందిగా హీరోయినూ అంది. అందరం నవ్వాం. ఆ పిల్లా నవ్వింది, కళ్లు కారుతూనే. చేతులు మంటలంటే మజ్జిగలో పెట్టించాను. మెత్తటి చేతులు. మిమ్మల్ని అమ్మీ అని పిలవాలా ఆంటీ అంది. నస్రత్ అమ్మా అనేది, మా ఇంట్లో తెలుగే అన్నాను.

ఫిబ్రవరి 6

గోంగూర కలిపి పెడితే మూడోసారి కూడా కంచం చాపింది. డైటింగ్ అంట.

ఫిబ్రవరి 8

రాజేశ్వరి డైలాగులు చదివి వినిపించింది. అందులో తల్లి ఆస్పత్రి గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. నా బిడ్డకి ఆపరేషన్ వద్దు, టాబ్లెట్లు వాడి చూద్దాం అంటుంది. డాక్టరు బెదిరించి సంతకం పెట్టిస్తాడు.

అలా జరగలేదు. అలా చెప్పింది నేనే. ఆరేళ్లుగా అందరికీ అలాగే చెప్పాను, అల్లుడు సాదిక్‌కి కూడా.

నస్రత్‌కి రెండు నెలలు బ్లీడింగ్ ఆగలేదు. తీయకపోతే క్యాన్సర్ అవుతుందన్నాడు డాక్టరు. టాబ్లెట్లు వాడి చూద్దాం అమ్మా అని నస్రత్ నా చెయ్యి పట్టుకుంది. నేను కసిరాను. మిరపకోతలు మొదలయ్యేలోపు తీయించుకుంటే నెలనెలా పని మానక్కర్లేదు, మన వీధిలో ఎంతమంది చేయించుకోలేదు అన్నాను. మా కూలి ఆడవాళ్లం అలాగే అనుకునేవాళ్లం. సంతకం నేనే పెట్టాను. ఎవరూ బెదిరించలేదు.

ఫిబ్రవరి 9, పొద్దున్నే

సాదిక్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. అంతా విన్నాడు. తర్వాత, తిన్నావా అత్తా అన్నాడు.

అదే రోజు సాయంత్రం

రాజేశ్వరికీ చెప్పాను. వెళ్లి అశోక్ గారిని పిలుచుకొచ్చింది. జనం మిమ్మల్ని తిడతారమ్మా, రాసింది రాసినట్టు ఉండనీయండి అన్నాడాయన. తిట్టనీయండి అన్నాను. వద్దన్నది నా కూతురు. ఆ తెలివి దానిది. దాని మాట నేను పెట్టుకుని తిరుగుతున్నాను. దానికిచ్చేయండి.

ఫిబ్రవరి 14

షూటింగు. టాబ్లెట్లు వాడి చూద్దాం అమ్మా అంది రాజేశ్వరి. నా వేషం వేసినావిడ నోరు తెరిచేలోపే, కెమెరా వెనక నుంచి, అలాగేలేమ్మా అన్నాను. కట్ అన్నారు. మళ్లీ తీశారు.

మళ్లీ అన్నాను.