సరుగుడు తోట నా మనవరాలు ప్రణతికి

పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు గ్రామ కాపురస్తురాలిని, కీర్తిశేషులు సాగిరాజు వెంకటపతిరాజు గారి భార్యను, డెబ్భై ఎనిమిదేళ్ళ వయసు గల సాగిరాజు జానకీదేవి అనే నేను, ఎవరి బలవంతమూ బతిమాలటమూ లేకుండా, నా సొంత ఇష్టం మీద చెప్పి రాయించిన వీలునామా ఇది. కళ్ళకి శుక్లాలు తీయించాను, బాగానే కనిపిస్తోంది. ఒక చెవి మందం. బుద్ధికి ఏ లోటూ లేదని భీమవరం డాక్టరు రామతులసి గారు పొద్దున్న నన్ను చూసి చెప్పారు. ప్లీడరు గణేష్‌బాబు గారు నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నారు. ఇప్పటికే రెండుసార్లు "ఇది వీలునామాలో అక్కర్లేదండి" అన్నారు. పోయేది నేను కాబట్టి ఏది కావాలో నాకు తెలుసని చెప్పాను.

ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఉందని ఎవరైనా తెస్తే అది చెల్లదు. ఇందులో రాసినవి అమలు జరిపే బాధ్యత గణేష్‌బాబు గారిదే.

1. ఊళ్ళో ఉన్న మేడ, దొడ్డి, ఉత్తరాన ఉన్న చేపల చెరువులు నా ఒక్కగానొక్క కొడుకు రామరాజుకి వాడి జీవితకాలం చెందాలి. రామరాజు మాటకారి కాడు. కూతురు ప్రణతి మీద నింద పడ్డ రోజుల్లో ఎవరితోనూ గట్టిగా వాదించలేదని నాకు కొన్నాళ్ళు కోపంగా ఉండేది. కానీ రోజూ తెల్లవారగానే జీపు తీసి, పిల్లని పరుగుకి దింపి, చెరువుల పని వదులుకుని అక్కడే నిలబడేవాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తే వాళ్ళవంక చూసేవాడు. వాళ్ళు వెళ్ళిపోయేవారు. వాడి వాదన అది.

2. నా నగలలో కాసులపేరు, వడ్డాణం, వెండి సామాను మొత్తం నా కోడలు సుభద్రకి. రాజమండ్రిలో ప్రణతి పరుగు పోటీల రోజు నేను కట్టుకున్న ఉప్పాడ జరీ చీర కూడా ఆమెకే. ఆ చీర తనకే కావాలని నోరు తెరిచి అడగలేదు గానీ, ఉతికిన ప్రతిసారీ మడత తనే పెడుతుంది.

3. పేరుపాలెం వెళ్ళే దారిలో నా పుట్టింటివారు నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన సరుగుడు తోట, అందులోని ఇసుక బాటతో, బావితో, షెడ్డుతో సహా, నా మనవరాలు ప్రణతికి చెందాలి. అనుభవించడానికీ అమ్ముకోవడానికీ దానమివ్వడానికీ ఆమెకి పూర్తి అధికారం ఉంటుంది. ఈ ఆస్తి ఎందుకిస్తున్నానో వివరంగా రాయించదలిచాను. నేను పోయాక ఎవరైనా కోర్టుకెక్కితే జడ్జిగారు ఇది చదవాలి.

నేను పద్నాలుగో ఏట సవారీ బండిలో, తెరల వెనక కూర్చుని ఈ ఇంటికి కాపురానికి వచ్చాను. మా ఇళ్ళలో అప్పుడు ఘోషా. మా వీధి చివర ఏముందో చూడటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. కాబట్టి హైస్కూలు డ్రిల్లు మేష్టారు రాజరత్నం గారు అరుగు మీద నిలబడి, మీ అమ్మాయి కాళ్ళలో మంచి పరుగుందండీ, పంపిస్తారా అని అడిగినప్పుడు, మా అబ్బాయి నోరు తెరిచేలోపే నేను సరేనన్నాను. నిక్కర్లు వేసుకుంటే బంధువులు ఏమంటారోనని సుభద్ర భయపడింది. తర్వాత ఆ నిక్కర్లు తనే మిషను మీద కుట్టింది.

తొంభై ఏడులో రాష్ట్ర జూనియర్ పోటీల్లో ప్రణతి ఎనిమిది వందల మీటర్లు గెలిచింది. అప్పటికి పదిహేడేళ్ళు. ఇంకా పెద్దమనిషి కాలేదు. సుభద్ర ఆ బెంగతోనే పిఠాపురం వెళ్ళి పురుహూతికా అమ్మవారికి మొక్కుకుని వచ్చింది. పతకం మెళ్ళో పడ్డ సాయంత్రమే, ఈ అమ్మాయి అమ్మాయి కాదేమో చూడండని ఎవరో ఫిర్యాదు పెట్టారు. పోటీలు జరిపిన సంఘం వాళ్ళు పిల్లని ఒక గదిలోకి తీసుకెళ్ళారు. తల్లిని లోపలికి రానివ్వలేదు. రక్తం తీశారు. నెల తిరగ్గానే, ఈమె ఆడపిల్లల పోటీల్లో పరిగెత్తడానికి వీల్లేదు, పతకం వెనక్కి పంపండి అని మేష్టారికి చెప్పారు. ఆ సంఘం పేరు రాయించను. ఇప్పుడు అక్కడ ఉన్నవాళ్ళు వేరు.

పేపరు వాళ్ళు పేరు వెయ్యలేదు. మొగల్తూరు అమ్మాయి అని వేశారు. పేరు వేసినట్టే.

భీమవరంలో రామతులసి గారు పరీక్షలన్నీ మళ్ళీ చేయించి, మమ్మల్ని నలుగురినీ కూర్చోబెట్టి చెప్పారు. ప్రణతి లోపలి శరీరం పుట్టుకతోనే మిగతా ఆడపిల్లలకంటే కొంచెం వేరుగా తయారైందట. గర్భసంచి లేదట. క్రోమోజోములు మగవాళ్ళకి ఉండేలాంటివట. కానీ పెరిగింది ఆడపిల్లగానే, మనసూ ఆడపిల్లదే అన్నారు. "ఇది రోగం కాదండి, మోసం అంతకన్నా కాదు. ఇలాంటివాళ్ళు మన జిల్లాలోనే చాలామంది ఉంటారు. వాళ్ళకి తెలియదు, అంతే" అన్నారు. ప్రణతి అంతా విని, మరి నేను ఇంక పిల్లల్ని కననా అని అడిగింది. లేదమ్మా అన్నారు డాక్టరు గారు.

మా మరిది పల్లంరాజు ఆ వారంలోనే వచ్చాడు. మెట్ల మీద పిల్ల నిలబడి ఉండగానే, "ఆడదీ కాదు, మగాడూ కాదు. రామరాజుకి వారసులు లేనట్టే లెక్క వదినగారూ. మా మనవడు ఆదిత్యని దత్తత ఇస్తాం, పిల్లని ఎక్కడైనా దూరంగా హాస్టల్లో పెట్టండి" అన్నాడు. పదిహేడేళ్ళుగా మా ఇంటి పిల్ల, ఎవరో రక్తం చూసి కాదంటే కాకుండా పోదని చెప్పి పంపేశాను. ప్రణతి పైగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పైకి పంపిన అన్నం పంపినట్టే కిందికి వచ్చేది.

కొన్నాళ్ళకి ఒక ఉదయం తనే దిగి వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"మామ్మా, నేను పరిగెత్తడం మానెయ్యాలా?"

"నీకు మానాలని ఉందా?"

"లేదు."

"అయితే బూట్లు తొడుక్కో."

బీచిలో పరిగెత్తితే జనం మూగుతున్నారు. అందుకని నా తోటలో సరుగుడు చెట్ల మధ్య ఇసుక చదును చేయించి బాట వేయించాను. పోటీ అన్నది లేకుండా, పక్కన పరిగెత్తే మనిషి లేకుండా, నా మనవరాలు మూడేళ్ళు ఆ బాట మీద పరిగెత్తింది. వానాకాలంలో కూడా మానలేదు. ఈ తోట ఆమెకి ఎందుకు అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇది.

4. వంటమనిషి మహాలక్ష్మమ్మ ఇప్పుడు ఉంటున్న ఇల్లు, స్థలంతో సహా ఆమెకే. పల్లంరాజు దత్తత మాట ఎత్తిన రోజు అతనికి కాఫీలో పంచదార వెయ్యకుండా ఇచ్చింది. నేను చెప్పలేదు.

5. నా అంబాసిడర్ కారు రాజరత్నం మేష్టారికి. ఆయనకి నడపటం రాదు, వాళ్ళ అబ్బాయికి వచ్చు. ఆ కారులో ప్రణతి అర్జీ పట్టుకుని మేమిద్దరం హైదరాబాదు ఎన్నిసార్లు వెళ్ళామో. ఆగిపోయిన ప్రతిసారీ ఆయనే దిగి తోశారు, నడిపేది నేను కాబట్టి స్టీరింగు పట్టుకున్నాను. సంఘం ఆఫీసులో బల్ల మీద కూర్చోబెట్టి, సెక్రటరీ గారు భోజనానికి వెళ్ళారనేవారు. ఒకసారి ఆయన దొరికి, పెద్దవారు, మీకెందుకండీ ఈ తిరుగుడు అన్నారు. నా చిన్నతనమంతా ఇంట్లోనే కూర్చున్నాను కాబట్టి ఇప్పుడు తిరిగే ఓపిక మిగిలిందండీ అన్నాను.

తొంభై తొమ్మిదిలో, ఒలింపిక్స్‌కి వచ్చే ఆడపిల్లలందరికీ చేసే ఆ పరీక్షలు ఇక మానేస్తున్నారని పేపర్లో పడింది. మేష్టారు సైకిలు మీద ఆ పేపరు పట్టుకుని వచ్చి, రొప్పుతూ చదివి వినిపించారు. దాన్ని ముందు పెట్టి మళ్ళీ అర్జీ పెట్టాం. మరుసటి ఏడు విచారణకి పిలిచారు.

6. నా ముత్యాల గొలుసు, రాళ్ళ దుద్దులు అమలాపురం అమ్మాయి హేమశ్రీకి. ఆమె నాకు చుట్టం కాదు. తొంభై ఏడు పరుగులో ప్రణతి వెనక రెండోదిగా వచ్చిన అమ్మాయి. ఫిర్యాదు ఆమె పేరుతోనే ఉంది. విచారణ రోజున రామతులసి గారు చెప్పవలసింది చెప్పారు. కమిటీలో ముగ్గురూ తలలూపుతున్నారు గానీ ఎవరూ ఒప్పుకునేలా లేరు. అప్పుడు ఎవరూ పిలవకుండానే హేమశ్రీ వాళ్ళమ్మతో కలిసి లోపలికి వచ్చింది. బస్సులో వచ్చిన బట్టలతోనే నిలబడింది.

"ఆ కాయితం మా నాన్నగారు రాశారండి, నేను కాదు. మూడేళ్ళనుంచీ నేనే గెలుస్తున్నాను. గెలిచిన ప్రతిసారీ, ప్రణతి ఉంటే ఏమయ్యేదో అంటారు. నాకూ తెలుసుకోవాలనుంది. ఆవిణ్ణి రానివ్వండి."

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పదిరోజులకి, ప్రణతిని స్త్రీల విభాగంలో అనుమతిస్తున్నాం అని ఉత్తరువు వచ్చింది.

ఆ డిసెంబరులో రాజమండ్రిలో పోటీలు. నా డెబ్భయ్యో ఏట మొదటిసారి స్టేడియం చూశాను. మొదటి రోజు ఎనిమిది వందల మీటర్లలో హేమశ్రీ గెలిచింది. ప్రణతి ఒక్క అడుగు వెనకబడి రెండోదయింది. సెక్రటరీ గారు నవ్వుతూ నా దగ్గరికి వచ్చి, చూశారుగా, ఇక ఎవరికీ అభ్యంతరం ఉండదండి అన్నారు. ఓడిపోయింది కాబట్టి ఒప్పుకుంటున్నారు, రేపు గెలిస్తే ఏమంటారని అడిగాను.

మర్నాడు పదిహేను వందల మీటర్లు. ప్రణతి చివరి రౌండు దాకా గుంపులోనే ఉంది. గంట మోగాక ఒక్కొక్కరినీ దాటుకుంటూ బయటికి వచ్చింది. హేమశ్రీని దాటింది. ఇంక ముందు ఎవరూ లేరు. నేను కుర్చీ ఎక్కి నిలబడ్డానని మేష్టారు తర్వాత చెప్పారు. నేను అరిచిన అరుపుకి నా గొంతు రెండురోజులు రాలేదు. మైకులో "ప్రథమ స్థానం, సాగిరాజు ప్రణతి, మొగల్తూరు" అని వినిపించింది. తొంభై ఏడులో పేపర్లో ఊరి పేరు ఒక్కటే వేశారు. ఈసారి ఇంటిపేరు, పేరు, ఊరు అన్నీ చెప్పారు. రామరాజు అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు. ట్రాకు మీద హేమశ్రీ ప్రణతి మెడ పట్టుకుని వదల్లేదు. ఆ రోజు హేమశ్రీ మెడకి ముత్యాల గొలుసు ఉంటే బాగుంటుందని అనుకున్నాను.

7. ఇకమీదట ప్రణతి గురించి ఎవరైనా ఏ కోర్టులోనైనా, ఏ పెద్దమనుషుల ముందైనా, ఆమె స్త్రీయా కాదా అన్న ప్రశ్న లేవదీస్తే, ఆ ప్రశ్నకీ ఈ వీలునామాకీ సంబంధం లేదు. నేను ఆస్తి ఇస్తున్నది మనవడన్న మాటకీ మనవరాలన్న మాటకీ కాదు, నేను ఎత్తుకుని పెంచిన మనిషికి. అయితే నేను మనవరాలనే పిలుస్తాను, ఎందుకంటే తను మనవరాలు. రామరాజు తదనంతరం మేడా చెరువులూ కూడా ఆమెకే చెందాలి.

8. ప్రణతి ఆ తర్వాత ఆరేళ్ళు పరిగెత్తింది. మోకాలు దెబ్బతిన్నాక ఆపి, ఇప్పుడు నరసాపురంలో కోచ్‌గా చేస్తోంది. సాయంత్రాలు తోటలో ఊరి ఆడపిల్లలకి పరుగు నేర్పుతుంది. ఆ తోటలో నా పేరు పెట్టకుండా ఏటా ఒక పరుగు పందెం జరపాలి. ఖర్చు సరుగుడు మీద వచ్చే రాబడిలోంచి పెట్టాలి. పందానికి వచ్చిన పిల్లని పేరు అడగాలి, ఊరు అడగాలి, అన్నం తిన్నావా అని అడగాలి. గదిలోకి మాత్రం తీసుకెళ్ళకూడదు.

మగపిల్లాడని పెంచితే, కాదు నేను ఆడపిల్లనే అని బతుకుతున్నవాళ్ళు వస్తే ఏం చేద్దామండీ అని మేష్టారు అడిగారు. నాకు అంతా తెలియదన్నాను. ఎవరు ఎవరితో పరిగెత్తాలో, ఎలా అయితే అందరికీ న్యాయమో ప్రణతీ డాక్టరు గారూ కూర్చుని ఆలోచించాలి. ఆలోచించేటప్పుడు వచ్చిన మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఎవరినీ గేటు దగ్గరనుంచి పంపించకూడదు.

9. మా మరిది పల్లంరాజుకి ఈ వీలునామాలో ఏమీ లేదు. కోపంతో కాదు. క్రితం నెల అతను తోట గేటు దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. పక్కన మనవరాలు కీర్తిప్రియ, ఆదిత్య చెల్లెలు, కొత్త బూట్లతో. మా పిల్ల పరుగు నేర్చుకుంటానని అన్నం మానేసింది వదినగారూ, ప్రణతిని అడగండి అన్నాడు. నువ్వే అడుగు అన్నాను. ముసలివాడు ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళి అడిగాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ప్రణతి ఆ పిల్ల బూట్ల లేసులు విప్పి, మళ్ళీ గట్టిగా కట్టి, బాట మీదికి పంపింది. ఆ రోజునుంచీ తాతే దింపుతున్నాడు.

ఆస్తి పొందేవాళ్ళు సాక్షి సంతకం పెడితే పేచీ రావచ్చని గణేష్‌బాబు గారు చెప్పారు. అందుకే పల్లంరాజుకి ఏమీ ఇవ్వలేదు. నాకు అతని సంతకం కావాలి.

రెండువేల ఎనిమిదో సంవత్సరం ఆగస్టు నెల ఇరవై ఒకటో తేదీ, గురువారం మధ్యాహ్నం, మొగల్తూరు మేడ వసారాలో, మొత్తం చదివించుకుని, మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసిన సంతకం.

సాగిరాజు జానకీదేవి

సాక్షులు:

డాక్టరు రామతులసి, భీమవరం. వీరు నా ఎదుట సంతకం చేశారు. చెయ్యి వణకలేదు.

సాగిరాజు పల్లంరాజు, మొగల్తూరు. సొంత దస్తూరీతో రాస్తున్నాను. అంతా చదివి వినిపించారు, నేను అన్న మాటలతో సహా. అవి అన్నది నిజమే. ఇందులో ప్రణతి అని రాసిన అమ్మాయి మా అన్నగారి మనవరాలు, మా ఇంటి ఆడపిల్ల. ఏ కోర్టులో అడిగినా ఇదే చెబుతాను. నాలుగవుతోంది, కీర్తిప్రియని తోటకి తీసుకెళ్ళాలి.