తడిపి కత్తిరించిన రింగులు

ప్రత్తిపాడు, మంగళవారం

వదినా,

నువ్వు ఫోన్ ఎత్తట్లేదు గనక ఉత్తరం రాస్తున్నా. చించే ముందు ఒకసారి చదువు.

నీ కూతురు బిందు జుట్టు నేను ఎగతాళికి కత్తిరించలేదు. మీ పెళ్లిలో అన్నయ్య చెప్పులు మిరపకాయల టిక్కీ బస్తాలో దాచినదాన్ని, నమ్మవులే.

మా పార్లర్‌కొచ్చేవన్నీ సాఫు జుట్లే, బిందుదేమో రింగుల జుట్టు. అలవాటుకొద్దీ దానికీ తడిపి, దువ్వి, భుజాల కిందికి వచ్చేలా చూసి కత్తిరించా. ఆరేసరికి ఆ రింగులన్నీ స్ప్రింగుల్లా ఎగిరి చెవుల మీద కూర్చున్నాయి. నాకు కంగారులో నవ్వొచ్చింది. "నవ్వుకోడానికి నా జుట్టే దొరికిందా అత్తా?" అని ఏడుస్తూ వెళ్లిపోయింది.

అలిసిపోయా వదినా. రెండ్రోజులుగా కత్తెర ముట్టబుద్ధి కావట్లేదు. అలాంటి జుట్టు పొడిగా ఉండగానే, ఒక్కో రింగూ లాగి వదిలి, ఎక్కడ ఆగుతుందో చూసి కత్తిరించాలట. పాతికేళ్లు కత్తెర పట్టాక ఇప్పుడు తెలిసింది. బిందుకి ఒక పక్క పొట్టిగా ఉంది, ఆదివారం పంపితే సరిచేస్తా.

ఊళ్లోవాళ్లు అడిగితే నేను అల్లరికే చేశానని చెప్పు, లేకపోతే నా పార్లర్‌కి ఎవరూ రారు. పిల్లకి మాత్రం నిజం చెప్పు, అత్తకి చేతకాలేదని.

నీ ఆడపడుచు